చెట్టు క్రింది పాట

సభ వేరు, కూటమి వేరు. (కూటమి అంటే నేటి రాజకీయార్థంలో కాదు సుమా!) సభకు అధ్యక్షులుంటారు, వేదిక ఉంటుంది, వినవచ్చిన వారికి వేరుగా చోటు ఉంటుంది. కూటమిలో పాడేవాడే వింటాడు, విన్నవాడే బదులు పాడతాడు. ముప్ఫై యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి గనుక ఏ సంగతినైనా పదాల తేడాతో మొదలుపెట్టడం అలవాటైపోయింది. చదువరులు ఓర్చుకోవాలి.

ఈ టపాలో చెప్పదలచినది అస్సాం దేశపు రాత్రి కూటములను గురించి. ప్రొద్దు క్రుంకిన తర్వాత, ఆరుబయట, ఆహ్వానపత్రిక లేకుండా జనం చేరి పాటలు అల్లుకొని పాడుకొనే ఆచారం అక్కడ ఉండేది. కొంత నేటికీ ఉంది. ఆ ఆచారం ఎవరెవరి చేతులలో పడి ఎట్లా మారిందన్నదే నా ఆసక్తి. మా మేనల్లుడు ఎగువ అస్సాంలో ఉద్యోగం చేసే రోజులలో నేను పదవీ విరమణ చేసి, ఒక వసంతకాలం నెలన్నర పాటు అతని ఇంట ఉన్నాను. అప్పుడు చూచినదీ, ఆ పిమ్మట చదివినదీ కలిపి వ్రాస్తున్నాను.

బిహు అనగానే మనవారికి దూరదర్శన్‌లో చూచిన దృశ్యం తోస్తుంది. ముగా పట్టు మేఖేలా చాదర్ ధరించి, కొప్పులో పూవులతో, వరుసగా నిలిచి నడుము వంచి ఆడే బాలికలు. అది బిహులో ఒక తునక మాత్రమే. అసలు బిహులు మూడు. ఆశ్వయుజం కడపట వచ్చేది కాతి బిహు. గాదెలు నిండుకొన్న కాలంలో వస్తుంది గనుక దానికి కంగాలీ అని పేరు. మన సంక్రాంతినాడు వచ్చేది మాఘ్ బిహు, తిండిపండుగ. దాని ముందునాటి రాత్రిని ఉరుకా అంటారు. కోతలయిన పొలంలో గడ్డితో, వెదురుతో భేలాఘర్ అనే పాక వేసుకొని, అక్కడే వండుకొని తిని, నెగడు చుట్టూ కూర్చుండి పాటలతో తెల్లవారుస్తారు. తెల్లవారుజామున మేజీ అనే మంట వేస్తారు. మూడవది ఏప్రిలు నడుమ మేష సంక్రమణంతో మొదలయ్యే బోహాగ్ బిహు, రంగాలీ బిహు. పాటల పండుగ ఇదే.

'బిహు' అనే మాట సంస్కృత 'విషువత్' నుంచి వచ్చిందని కొందరంటారు. రాత్రింబవళ్ళు సమానమయ్యే కాలం కనుక అర్థం పొసగుతుంది. ఆ నేలమీది బోడో, దేవరి మొదలైన జనుల భాషలలోని 'బిసు' దీనికి మూలమని మరికొందరి వాదం. నా బోటి పండితుడికి మొదటిది రుచిస్తుంది గాని, పండుగను బ్రతికించిన జనాన్ని చూస్తే రెండవదాన్ని త్రోసివేయడం న్యాయమనిపించదు. ఇంకొక చిక్కు ఉన్నది. అస్సామీలో శ, ష, స మూడూ చాలాచోట్ల మన 'హ'కూ 'ఖ'కూ నడుమ పలికే ఒక గొంతు ధ్వనిగా మారుతాయి. దానికి మన లిపిలో అక్షరం లేదు. అందుచేత ఇక్కడ నేను వ్రాసిన పేర్లను అస్సామీయులు చదివితే నవ్వుతారు.

సౌర చైత్రం, అనగా మన మార్చి నడిమి నుంచే, రాత్రి పాటలు మొదలయ్యేవి. పొలంలో ఇంకా నాట్లు లేవు, పని తక్కువ. తొలకరి జల్లులు పడుతూ ఉంటాయి. ఊరికి ఎడంగా ఒక పాత చెట్టు క్రిందనో, బయలులోనో యువతీయువకులు చేరేవారు. దీనిని ముకలి బిహు అంటారు. ముకలి అంటే తెరపి, బయలు అని అర్థం. మగవారి చేతిలో ఢోలు, గేదెకొమ్ముతో చేసిన పెపా అనే బూర, వెదురు చీల్చి చేసిన టొకా. ఆడవారికి గొగొనా. ఇది పంటికి ఆనించి వ్రేలితో మీటే సన్నని వెదురు వాద్యం. ఆడవారు వాయించే రకం మరీ సన్నన. ఆట మధ్యలో దానిని కొప్పులో దోపుకొంటారు. ఆ కొప్పులోనే కపౌ పూవు కూడా. చెట్టు కొమ్మలను పట్టుకొని పెరిగే మొక్కకు నక్కతోకలా వ్రేలాడే ఊదారంగు పూగుత్తి అది, సరిగ్గా ఆ ఋతువులోనే పూస్తుంది.

కేవలం ఆడవారిది జెంగ్ బిహు. మగవారికి ప్రవేశం లేదు. ఢోలు లేదు, పెపా లేదు. చప్పట్లు, టొకా, గొగొనా, సుతులి అనే మట్టి ఈల, అంతే. తోపుల చాటున, కంటబడని చోట ఆడేవారు. వినడానికి ఎవరూ లేని చోట వారేమి పాడుకొన్నారో ఊహించవచ్చు. అత్తవారిల్లు, మనసులోనివాడు, చేయని పెండ్లి, చేసిన పెండ్లి.

పాట నడక చెప్పాలి. బిహు నామ్ సాధారణంగా రెండు పాదాలది, అంత్యప్రాస ఉంటుంది. మొదటి పాదంలో ఒక పక్షి, ఒక పూవు, బ్రహ్మపుత్ర ఇసుక తిన్నె. రెండవ పాదంలో మనసులోని మాట. రెంటికీ పైకి లంకె కనబడదు. లంకె పాడేవానికీ, ఎవరినుద్దేశించి పాడుతున్నాడో ఆ మనిషికీ మాత్రమే తెలుసు. హాలుని గాథాసప్తశతి చదివినవారికి ఈ ధ్వని మార్గం క్రొత్త కాదు. అయితే గాథ ఒంటరిగా నిలబడగలదు, బిహు పదం నిలబడలేదు. దానికి బదులు కావాలి. ఒక ప్రక్కవారు రెండు పాదాలు విసిరితే ఎదుటి ప్రక్క అక్కడికక్కడే రెండు పాదాలు కట్టి త్రిప్పి కొట్టాలి. ఇట్లా జోడుగా నడిచే ఎత్తిపొడుపు పాటలకు జోరా నామ్ అని పేరు. పాట కలిసిన జంట ఒక్కొక్కప్పుడు తెల్లవారేసరికి ఊళ్ళో ఉండేది కాదు. పెద్దలు నాలుగు రోజులు కోపగించి, ఆ పిమ్మట ఒప్పుకొనేవారు. ఒక రకంగా అది వివాహ వ్యవస్థలో భాగమే.

ఇందుకే నకుల్ చంద్ర భూయాన్, ప్రఫుల్లదత్త గోస్వామి వంటి పెద్దలు శ్రమించి సేకరించి అచ్చువేసిన బిహు పదాలను అనువాదంలో చదువుతూ ఉంటే నాకు ఒక వింత అనుభవం కలిగింది. ప్రక్కగదిలో ఎవరో టెలిఫోనులో మాట్లాడుతుంటే ఒకవైపు మాటలే విన్నట్లుంటుంది. సేకర్తల తప్పు లేదు. కాగితం మీద బదులు ఎక్కదు.

పల్లె పెద్దలకు ఈ రాత్రులంటే కొంత భయం, కొంత సహనం. పండుగ దినాలలో పాట ఊళ్ళోకి వచ్చేటప్పుడు దానికొక మర్యాద ఉండేది. అదే హుసొరి. మగవారి బృందం ముందు నామ్‌ఘర్‌లో, అనగా శంకరదేవుల వైష్ణవ సంప్రదాయపు ప్రార్థనామందిరంలో, మొదలుపెట్టి ఇంటింటి ముంగిటికి వస్తుంది. దైవనామంతో పాట ఎత్తుకొని, ఆ ఇంటివారిని దీవించి, తాంబూలం, గమోసా, దక్షిణ అందుకొంటుంది. నేనున్న ఇంటి ప్రక్కనే ఒకనాటి మాపటివేళ వచ్చారు. ఇంటివారందరూ మోకరిల్లి దీవెన అందుకొన్నారు. అంతవరకు అందరి ముఖాల్లోను గుడిలో ఉన్నంత గాంభీర్యం. దీవెన ముగిసిన పిమ్మట ఢోలు నడక మారింది. కుర్రవాడొకడు ఏదో పదం అందుకొన్నాడు. ఆ ఇంటి అవ్వ, డెబ్బై దాటి ఉంటాయి, వరండా స్తంభానికి చేరగిలి నిలుచున్నది, క్షణం ఆగి రెండు పాదాలు పాడింది. ముంగిలి గొల్లుమన్నది. కుర్రవాడు ఢోలు చాటున ముఖం దాచుకొన్నాడు. అర్థమేమని మా మేనల్లుణ్ణి అడిగితే, "చెప్పకూడదు మామయ్యా!" అన్నాడు. ఇప్పటికీ చెప్పలేదు.

ఈ కూటములకు మొదటి ప్రేక్షకులు రాజులు. అహోం రాజుల కాలంలో రంగపురం, అనగా నేటి శివసాగర్ చెంత, రంగ్ ఘర్ అనే రెండంతస్తుల మంటపం ఉన్నది. ఇటుకలతో దాన్ని కట్టించినవాడు ప్రమత్తసింహుడు (పాలన 1744–1751). పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. ఎదుటి బయలులో గేదెపోట్లు, బిహు వేడుకలు జరుగుతుంటే రాజు మేడమీది నుంచి తిలకించేవాడు. ఆ మంటపం చూస్తూ నేను అనుకొన్న మాట: ఆ మేడమీదివాడు ఎంత రసికుడైనా బదులు పాడడు. అయినా రాజు ఏడాదికొకసారి చూచిపోయేవాడు. మిగిలిన రాత్రులు జనానివే.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1826లో యాందబూ సంధితో అస్సాం కుంపిణీవారి చేతికి వచ్చింది. 1836లో కచేరీలకూ బడులకూ బెంగాలీని భాషగా చేశారు. ఆ స్థితి 1873 దాకా, ముప్ఫై యేడేండ్లు సాగింది. శివసాగరంలో అమెరికా బాప్టిస్టు మిషనరీలు 1846లో ప్రారంభించిన 'అరుణోదయ్' పత్రిక, ఆనందరామ్ ఢెకియాల్ ఫుకన్ వంటివారి వాదనలు అస్సామీకి అండగా నిలిచాయి. ఈ కథ చరిత్ర పుస్తకాలలో ఉన్నదే. వాటిలో అంతగా కనబడనిది ఒకటున్నది. ఆ ముప్ఫై యేడేండ్లూ భాష ఎక్కడ తలదాచుకొన్నది? భాష బడిలోనే బ్రతుకుతుందని మా వృత్తివారి నమ్మకం. బడి మూతబడిన కాలంలో అస్సామీ నామ్‌ఘర్‌లో కీర్తనగా, పొలంగట్టున రాత్రి పాటగా బ్రతికింది. ప్రతి వసంతంలోనూ పదునెనిమిదేండ్ల పిల్ల ఒకతె అస్సామీలో క్రొత్తగా రెండు పాదాలు కట్టవలసి వచ్చేది, లేకుంటే ఎదుటిపక్షం ముందు ఓడిపోతుంది గనుక. అంతకు మించిన భాషాబోధన నాకు తెలియదు.

అయితే భాషకోసం పోరాడిన విద్యావంతులలోనే చాలామందికి ఈ పాటలు అశ్లీలాలుగా తోచాయి. విక్టోరియా యుగపు నీతి ఒకవైపు, పొరుగున కలకత్తా నాగరికులు ఏమనుకొంటారోనన్న సిగ్గు మరొకవైపు. మన దేశంలో ఆ కాలపు చదువరులందరికీ ఈ సిగ్గు ఉండేది. కలకత్తాలో చదువుకొనే అస్సామీ విద్యార్థులు తేనీటి విందులలో కలుసుకొంటూ, 1888 ఆగస్టు 25న అస్సామీ భాషోన్నతి సాధినీ సభను స్థాపించారు. మరుసటి ఏడాది వారి పత్రిక వెలువడింది. చంద్రకుమార్ అగర్వాలా, లక్ష్మీనాథ్ బెజ్‌బరువా, హేమచంద్ర గోస్వామి ఆ తరానికి మూడు స్తంభాలు. పత్రిక పేరు 'జొనాకి'. వెన్నెల అని అర్థం చెబుతారు. మిణుగురుకూ అదే మాట. అద్దెగదులలో దీపం క్రింద కూర్చున్న కుర్రవాళ్ళు తమ పత్రికకు ఆరుబయటి రాత్రి పేరు పెట్టుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది. ఊరు విడిచి వచ్చినవారికి కదా వెన్నెల విలువ!

చదువుకొన్నవారు మొగం త్రిప్పుకొన్న పాటలు బిహు ఒక్కటే కాదు. బ్రహ్మపుత్రకు దిగువన, నేటి బంగ్లాదేశ్ సరిహద్దు సమీపాన గోయాల్‌పరా ప్రాంతం ఉన్నది. అక్కడి రాత్రి కూటములు చెట్టు క్రింద కాదు, అడవిలో ఏనుగులు పట్టేవారి విడిదిలో జరిగేవి. గౌరీపూర్ జమీందారు ప్రకృతీశ్ చంద్ర బరువా, లాల్జీ అని ప్రసిద్ధుడు, ఏనుగులను పట్టి మచ్చిక చేయడంలో పేరెన్నిక గన్నవాడు. నెలల తరబడి అడవిలో విడిది. మావటీలు, ఉచ్చు విసిరే ఫాందీలు, గడ్డి తెచ్చేవారు. భార్యాబిడ్డలను ఊళ్ళో విడిచి వచ్చినవారే అందరూ. చీకటి పడగానే మంట చుట్టూ చేరి, దొతారా మీటుతూ, ఊళ్ళో ఉన్న ఆడవారి గొంతుతో విరహగీతాలు పాడుకొనేవారు. క్రొత్తగా చిక్కిన ఏనుగును లొంగదీసేటప్పుడు కూడా పాటే సాధనం. దివిటీల వెలుగులో, ఒంటిమీద గడ్డితో నిమురుతూ, దానికి పాట పాడతారు. అడవిని కోల్పోయిన జంతువుకు ఊరిని విడిచిన మనిషి పాడే పాట అది.

లాల్జీ కుమార్తె ప్రతిమా బరువా పాండే (1934–2002) ఈ పాటలను ఆ విడిదులలోనే నేర్చింది. జమీందారు బిడ్డ, కలకత్తాలో చదివింది. మావటీల పాటలు పాడడమేమిటని విసుక్కొన్నవారూ ఉన్నారు. ఆమె మానలేదు. భూపేన్ హజారికా వంటి కళాకారుడు ఆమె గొంతులోని సొత్తును గుర్తించి లోకానికి వినిపించడంలో తోడ్పడ్డాడు. 1991లో పద్మశ్రీ వచ్చింది. 'హస్తీర్ కన్యా' అనే పాట ఆమె పేరుతో ముడిపడిపోయింది. ఆమె గొంతు తియ్యన కాదు. కొంచెం జీర, కొంచెం పొగ. మంట ప్రక్కన కూర్చుండి నేర్చిన గొంతుకు పొగ ఉండక ఏముంటుంది? అటవీ జంతు సంరక్షణ చట్టంలో 1977లో ఏనుగును మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని పట్టడం అంతటితో ముగిసింది. ఏనుగుల పక్షాన అది మంచి చట్టం, నాకు సందేహం లేదు. ఆ మంచి చట్టంతోనే ఆ విడిదులూ ఆ రాత్రులూ కూడా చరిత్రలో కలిశాయి.

బిహు మాత్రం కలిసిపోలేదు. 1952లో గౌహతి నగరంలో లతాశిల్ మైదానాన దానిని వేదిక ఎక్కించారు. పత్రికాధిపతి రాధాగోవింద బరువా ఇందుకు పూనుకొన్నవారిలో ప్రముఖుడు. పల్లె నుంచి నగరానికి వచ్చి చేరిన గుమాస్తాలకూ విద్యార్థులకూ వసంతం వచ్చినట్లు తెలియాలంటే మరొక దారి లేదు. క్రమంగా ప్రతి పేటకూ ఒక బిహు వేదిక ఏర్పడింది. వైశాఖ మాసమంతా తెల్లవార్లూ కార్యక్రమాలే. భూపేన్ హజారికా, ఖగేన్ మహంత వంటివారిని జనం ఆ వేదికల ముందు నేలమీద కూర్చుండి విన్నారు. అశ్లీలమన్న మాట వినబడకుండా పోయింది. ఎవరి నడక చూచి పెద్దలు తలలు వంచుకొన్నారో, అదే నడకకు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తున్నారు, బిహు రాణి కిరీటం పెడుతున్నారు.

వేదికను నిందించడం సులభం. నేను నిందించను. అది లేకుంటే ఢోలు చేసే వడ్రంగికి పని ఉండేది కాదేమో, పెపా ఊదే పిల్లవాడు ఉండేవాడు కాదేమో. తోపుల చాటున ఆడిన ఆడపిల్లకు పదిమంది ఎదుట ఆడే గౌరవం కూడా అదే ఇచ్చింది. కాని నాలుగు రోజుల ముందు ముంగిట్లో అవ్వ పాట విని ఉన్నాను గనుక, పట్టణంలో వేదిక ముందు కుర్చీలో కూర్చున్నప్పుడు నా చెవి దేనికోసమో ఎదురుచూచింది. ఆట సొంపుగా ఉన్నది. పాట ముందుగా కట్టినది, నిమిషాల లెక్క ముందుగా వేసినది. కుర్రవాడు విసిరిన పదం సభాసదుల మీదుగా పోయి ఎవరి ఒడిలోనూ పడలేదు. మేము చప్పట్లు కొట్టాము. చప్పట్లు బదులు కావు కదా.

2023 ఏప్రిలులో గౌహతి సరుసజాయి క్రీడాప్రాంగణంలో పదకొండు వేలమందికి పైగా కళాకారులు ఒక్కసారిగా బిహు ఆడి గిన్నిస్ గ్రంథానికెక్కారు. కొలవడానికి వీలైన దృశ్యం, చక్కగా కొలిచారు. రెండేండ్ల తర్వాత, 2025 సెప్టెంబరు 19న, బిహు వేదికలను తెల్లవార్లూ ఉర్రూతలూగించిన జుబీన్ గార్గ్ సింగపూరులో మరణించాడు. యాభై రెండేండ్లు. శరీరాన్ని తెచ్చి అదే సరుసజాయి ప్రాంగణంలో ఉంచారు. ఎండలో, వానలో, రాత్రివేళ జనం రోడ్ల మీదనే ఉన్నారు. తాను పోయిన నాడు 'మాయాబినీ' పాడాలని అతడు ఎప్పుడో అన్న మాటను గుర్తు పెట్టుకొని పాడారు. 23న సోనాపూర్ దగ్గర కామార్‌కుచిలో దహనం జరిగింది. ఆ దృశ్యాలను నేను హైదరాబాదులో మనుమరాలి ఫోనులో చూచాను. వేదిక లేదు. ఒక మూల నుంచి ఎవరో ఎత్తుకొంటే మరొక మూలవారు అందుకొంటున్నారు.

ఒక్క సంగతి మిగిలింది, మనకు సంబంధించినది. పందొమ్మిదవ శతాబ్దం రెండవ సగం నుంచి తేయాకు తోటల కొరకు దూరదేశాల కూలీలను అస్సాంకు తరలించారు. అందులో చోటానాగపూర్ వారు ఎక్కువ. మద్రాసు రాజధానికి చెందిన గంజాం, విశాఖపట్నం జిల్లాలవారూ ఉన్నారు. ఒడంబడిక కాగితం మీద వ్రేలిముద్ర వేసి పోయినవారికి తిరిగి రావడం తమ చేతిలో లేదు. పగలంతా ఆకు కోత. తమదంటూ మిగిలినది రాత్రి. భాద్రపద శుద్ధ ఏకాదశినాడు కరమ్ కొమ్మను ముంగిట నాటి, మాదల్ మ్రోగిస్తూ, చేతులు గొలుసుగా కట్టుకొని ఝుముర్ ఆడే తోట కూలీల రాత్రి కూటమి ఇప్పటికీ ఉన్నది. పలు భాషలవారు కలిసి పాడుకోవడానికి సాద్రీ అనే ఉమ్మడి పలుకుబడి ఏర్పడింది. ఆ తోటల సమాజంలో 'తెలెంగా' అనే పేరుతో ఒక వర్గం ఉన్నది. మనవారే.

వారు సాద్రీ పాటలో కలిసిపోయారా, లేక ఇంట ఏవైనా తెలుగు పదాలు, ఉత్తరాంధ్ర బాణీలు నిలుపుకొన్నారా అన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. నేనున్న నెలన్నరలో ఒకే ఒక్క ముసలాయన తటస్థపడ్డాడు. తెలుగులో నా పేరు అడిగాడు, ఊరు అడిగాడు. తన తాత ఊరిపేరు మాత్రం చెప్పలేకపోయాడు. పాటలేమైనా వచ్చునా అంటే, రాత్రి రమ్మన్నాడు. ఆ రాత్రి పెద్ద వాన. మరునాడు మా తిరుగు ప్రయాణం. చదువరులలో ఎవరికైనా ఆ తోటలలో బంధువులో, మిత్రులో ఉంటే, ఒక సాయంకాలం వారి ముంగిట కూర్చుండి ఆ పాటలు వ్రాసిపెట్టమని వేడుకొంటున్నాను. ఏ జిల్లా మాండలికమో, ఏ బాణీయో నాకు చేతనైనంత పోల్చి చూస్తాను.